నీళ్లు పోసే చేతులు

నేను హాలియా దగ్గర కాలువ కింది ఊరిదాన్ని. మా వైపు ఏ కాలంలో చూసినా కంటికి పచ్చగా ఏదో ఒకటి కనిపిస్తుంది. నర్సు ఉద్యోగం వచ్చి నారాయణపేట వైపు సర్కారు దవాఖానకు వేసినప్పుడు, బస్సు కిటికీలోంచి ఆ ఎర్రనేల, రాళ్లగుట్టలు చూసి, ఇక్కడ ఏడాది ఉంటే గొప్పే అనుకున్నాను. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. తెలంగాణ వచ్చాక తల్లీబిడ్డలకు వేరే వార్డు కట్టారు. ఒకప్పుడు ఇంటికి వెళ్లి బతిమాలినా కాన్పుకు రానివాళ్లు, ఇప్పుడు మంచం దొరకలేదని మామీద కేకలేస్తారు. ఆ కేకలు వింటే నాకు లోపల సంతోషమే. పైకి మాత్రం నేనూ కేకలేస్తాను. నా గొంతు వినిపిస్తే వార్డులో నిద్రపోయే పిల్లలు కూడా పాలు తాగుతారని మా ఆయమ్మ ఎగతాళి చేస్తుంది.

నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన పిల్లల గది నా చేతి కింద ఉంటుంది. అక్కడ తల్లులు రవిక విప్పి, పసిగుడ్డను ఒంటిమీద బట్ట లేకుండా ఎదమీద నిలువుగా పడుకోబెట్టుకుని, పైనుంచి మెత్తటి గుడ్డ చుట్టుకుని, వెనక్కి వాలే కుర్చీల్లో కూర్చుంటారు. బిడ్డకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, అంతే. తల్లి ఒంటి వేడే ఆ బిడ్డకు కావలసిన మందు. చూసేవాళ్లకు ఏ పనీ లేకుండా కూర్చున్నట్టు ఉంటుంది కానీ, ఆ గదిలో జరిగినంత పని నేను ఎక్కడా చూడలేదు.

ఒక చలికాలం పొద్దున ఆ గదికి ఒక అవ్వ వచ్చింది. పక్కనే మగ్గాలవాళ్ల వాడకట్టు వాళ్లది. కొడుకు చీరలు నేస్తాడు, ఆమె నూలు కండెలు చుడుతుంది. కోడలికి బీపీ పెరిగి కళ్లు తిరుగుతుంటే తీసుకొచ్చారు. నెలలు నిండకముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీయవలసి వచ్చింది. ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు. ఊపిరి బాగానే ఉంది, ఏడుపు పిల్లికూనలా ఉంది. కోడలిని పక్క గదిలో సెలైన్ కింద పడుకోబెట్టారు. ఆ అమ్మాయికి తల్లి లేదు. ఇంట్లో ఆడమనిషి అంటే ఈ అత్త ఒక్కతే.

అవ్వ ఒక గుడ్డసంచీ తెచ్చింది. కొత్త బట్ట ఒక్కటీ లేదు. పుట్టకముందు పిల్లకు కొత్తవి కొనకూడదు కదా, అందుకని తన పాత నేతచీరను ఉతికి ఉతికి మెత్తగా చేసి, మడతపెట్టి తెచ్చింది. దాని అంచు రంగు వెలిసిపోయింది. అది మంచి పనే, నేనేమీ అనలేదు. దాని కింద ఉన్నవి చూశాకే నా ఒళ్లు మండింది. పసుపు, ఆముదం, శనగపిండి, సాంబ్రాణి.

"గివన్ని ఎందుకవ్వా?" అన్నాను.

"పిల్లకు నీళ్లు పొయ్యొద్దా సిస్టరమ్మా?"

"పొయ్యొద్దు. డాక్టరమ్మ చెప్పేదాక సుక్క నీళ్లు తాకనియ్యొద్దు."

ఆమె నన్ను జాలిగా చూసింది, పాపం సదువుకున్నది, దీనికేం తెలుసు అన్నట్టు. "మా వాడకట్టుల ఏ పిల్ల పుట్టినా నేనే నీళ్లు పోస్త. నా కాళ్లమీద పండని పిల్ల మా దిక్కు లేదు," అంది. గొప్పకు చెప్పలేదు. అది నిజమేనని మా ఆయమ్మ కూడా చెప్పింది. కాళ్లు చాపుకుని పీటమీద కూర్చుని, పిల్లను పిక్కలమీద బోర్లా వేసుకుని, నూనె రాసి, ఒళ్లు రుద్ది, చేత్తో ముఖానికి అడ్డం పెట్టి చెంబుతో నీళ్లు పోస్తే, ఎంత ఏడ్చే పిల్లైనా హాయిగా నిద్రపోయేదట. అవ్వను పిలవకుండా అక్కడ పురుడే చెయ్యరట.

నేను పక్క మంచం దగ్గరికి వెళ్లి వచ్చేసరికి ఆమె లేదు. వార్డు వెనక కుళాయి దగ్గర కనిపించింది. క్యాంటీన్ నుంచి వేడినీళ్లు తెచ్చి బకెట్లో చన్నీళ్లతో కలుపుతోంది. పిల్ల ఇంకా ఉయ్యాలలోనే ఉంది, అదృష్టం. నా గొంతు గురించి ముందే చెప్పాను కదా. ఆవరణలో ఉన్న మనుషులందరూ తిరిగి చూశారు.

అవ్వ మాత్రం బెదరలేదు. చెంబు పట్టుకునే నిలబడి, "సిస్టరమ్మా, నువ్వు కోపం జెయ్యకు. జర నా మాట ఇను," అంది. "దీనికంటె ముంగట నా కోడలికి ఒక పిల్ల పుట్టింది. గిట్లనే, పిట్టంత. దవాఖానకు తెచ్చే టైం లేకపాయె, ఇంట్లనే కాన్పయింది. నేనే నీళ్లు వోసిన. పొద్దుగాల వోసిన, మాపటికి వోసిన, సాంబ్రాణి పొగ వట్టిన. అయినా పిల్ల సల్లవడ్డది. రెండు దినాలు గూడ బతకలేదు. నీళ్ల కాక సాలలేదో, నేను మంచిగ రుద్దలేదో అని గప్పటి సంది కుములుతున్న. గీ పిల్లకు గట్ల కానియ్య. గట్టిగ కాక నీళ్లు వోసి కాపాడుకుంట."

తడిసిన చిన్న ఒళ్లు ఎంత తొందరగా చల్లబడుతుందో నాకు తెలుసు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నా నోరు మామూలుగా అక్కడ ఆగదు. ఆ రోజు మాత్రం ఆమె చేతుల వంక చూశాను. కండెలు చుట్టి చుట్టి వేళ్ల చివరలు గట్టిపడ్డాయి. మాట మింగేశాను.

"అవ్వా, కాక నీళ్లలనే ఉంటదా? నీ ఒంట్ల లేదా?" అన్నాను. "రా, సూపిస్త."

ఒప్పించడానికి చాలా సేపు పట్టింది. ఆమెకు నీళ్లు వదులుకోవడం కన్నా రవిక విప్పడం పెద్ద కష్టమైంది. "గీ వయసుల గిదేంది సిస్టరమ్మా, నా ఎండిన ఎదల ఏముంది? మందిల నా ఇజ్జత్ పోతది," అని గోడవైపు తిరిగి కూర్చుంది. పక్క కుర్చీలో పిల్లను కట్టుకుని ఉన్న ఒక చిన్న తల్లి నవ్వి, "అందరం గిట్లనే ఉన్నం కదనే అవ్వా, ఎవరు జూస్తరు?" అంది. అవ్వను ఒప్పించింది ఆ మాటే, నా మాటలు కాదు. తెర అడ్డం వేసి, పిల్లను ఆమె ఎదమీద పెట్టి, తల ఒక పక్కకు తిప్పి, ఆమె తెచ్చిన పాత చీరతోనే కట్టాను. అంత మెత్తటి గుడ్డ మా స్టోర్‌లో కూడా లేదు. అవ్వ బిగుసుకుని కూర్చుంది. కొంతసేపటికి పిల్ల నిద్రలో నోరు చప్పరించింది. అవ్వ భుజాలు దిగాయి.

ఆమెకు ఒక్కటే నేర్పాను. వేడి తెలియాలంటే అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో చూడాలి. ముందు పొట్ట, తర్వాత పాదాలు. రెండూ వెచ్చగా ఉంటే పిల్ల బాగున్నట్టు. పాదాలు చల్లబడితే వెంటనే నన్ను పిలవాలి. ఆమె ఆ పని మగ్గంలో పోగు చూసినంత శ్రద్ధగా చేసింది.

పాలు పిండించడానికి కోడలి దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి నీరసంగా పడుకుని, తలుపు వైపే చూస్తోంది. "కుళాయి దగ్గర మీ మాటలు ఇన్న," అంది. నా గొంతు గోడలు దాటుతుందని మరిచిపోయాను. "సిస్టర్, మొదటి బిడ్డ ఎందుకు సల్లవడ్డదో నాకు ఎరుకే. చిన్న పిల్లలకు నీళ్లు పొయ్యొద్దని మీరు నెలనెల చెకప్‌ల చెప్తరు కద, గప్పుడే సమజయింది. అత్తమ్మకు జెప్పకుండ్రి. మా అమ్మ లేదు, ఆమెనే నాకు అమ్మ. ఆమెకు తెలిస్తె ఆగమైతది."

ఇరవై రెండేళ్ల పిల్ల. తన బిడ్డ పోయిన దుఃఖం చాలదన్నట్టు, అత్తకు తెలియకుండా ఆ నిజాన్ని కూడా మోస్తోంది. నాకు ఏడుపొచ్చింది. పాలు పిండే గిన్నె పట్టుకుని ఏడిస్తే బాగుండదని ముఖం తిప్పుకున్నాను. చెప్పనని మాట ఇచ్చాను.

ఆ పాలు ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పట్టాము. కోడలు లేచి కూర్చోగలిగాక అత్తాకోడళ్లు వంతులేసుకుని పిల్లను కట్టుకున్నారు. వంతు అన్నానే గానీ, అవ్వ తన వంతు అయిపోయినా లేచేది కాదు. "నీకు కుట్లున్నయ్, పండుకో," అని కోడలిని కసిరేది. పిల్ల ముందు కొంచెం తగ్గి, తర్వాత బరువు పెరగడం మొదలుపెట్టింది. తూకం వేసిన ప్రతిసారీ అవ్వ త్రాసును అనుమానంగా చూసేది.

ఒక మధ్యాహ్నం వార్డు కొంచెం సద్దుమణిగింది. అవ్వ పిల్ల పాదాల కింద చేయి పెట్టి చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

"సిస్టరమ్మా, గా ముందటి పిల్ల కాళ్లు సల్లగనే ఉండె. నీళ్లు వోసినంక ఇంకింత సల్లగయినయ్. మల్ల నీళ్లు వోసిన." ఆమె నా వైపు చూడలేదు. "నిజం జెప్పు. నేను వోసిన నీళ్లకేనా?"

మాట ఇచ్చానని అబద్ధం చెప్పాలా? నాకు అబద్ధం చెప్పడం రాదు, ముఖంలో తెలిసిపోతుంది. అదృష్టం కొద్దీ నిజమే నాకు తోడైంది.

"నాకు తెల్వదవ్వా. నేను ఆ పిల్లను సూడలేదు. గంత చిన్నగ పుట్టిన పిల్లకు వంద కష్టాలుంటయ్. పాలు గుంజరాదు, ఊపిరి అందదు. నీళ్లు వొయ్యకున్నా ఇంట్ల బతికేదో లేదో ఏ డాక్టరు జెప్పలేడు. నువ్వు పానం పెట్టి సూసుకున్నవ్, అది మాత్రం నాకు తెలుసు."

ఆమె పిల్ల తలమీద గడ్డం ఆనించి చాలాసేపు ఏడ్చింది. పిల్ల లేవకుండా, చప్పుడు లేకుండా. పక్క గది గుమ్మంలో కోడలు నిలబడి ఉంది, ఎప్పుడు వచ్చిందో. వచ్చి అత్త కుర్చీ పక్కన నేలమీద మెల్లగా కూర్చుని, ఆమె మోకాలిమీద తల పెట్టింది. నేను అక్కడినుంచి లేచి వెళ్లిపోయాను. నాకు అక్కడ పని లేదు.

వాళ్లు ఇంటికి వెళ్లిన కొన్నాళ్లకు కోడలు పిల్లను చూపించడానికి వచ్చింది. పిల్లకు బుగ్గలొచ్చాయి, మెడ దగ్గర మడతలు పడ్డాయి. డాక్టరమ్మ చూసి, ఇక స్నానం చేయించవచ్చు అంది. కోడలు మాత్రం సంతోషపడలేదు.

"అత్తమ్మ పొయ్యనంటున్నది సిస్టర్. ఇంక ఏ పిల్లకు పొయ్యదంట. ఎనకింటి కోడలికి నెలలు నిండినయ్, పురుడుకు రావాలెనంటె గూడ రానన్నది. పీట, చెంబు అటక మీద వడేసింది. తిండి గూడ సక్కగ తింటలేదు. ఇంకెవరితోనన్న పోయిద్దామంటె నాకు మనసొప్పుతలేదు. నా బిడ్డకు ఆమెనే పొయ్యాలె."

నాకు మళ్లీ కోపం వచ్చింది. ఆమె మీదా, ఎవరి మీదా అంటే చెప్పలేను. ఒక పిల్లను నిలబెట్టుకున్నాం, ఈ అవ్వను పోగొట్టుకోవాలా? డ్యూటీ దిగగానే కోడలి వెంట ఆటో ఎక్కాను.

ఆ ఇంటి వాకిట్లో ఎండ బాగా పడుతోంది. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. అవ్వ నన్ను చూసి కొంగు సర్దుకుంది. నేను టీ కూడా తాగకుండా, "అవ్వా, పీట దించు," అన్నాను.

"నాతోని కాదు సిస్టరమ్మా. గీ చేతులు వద్దు."

"గా చేతులే గావాలె. పిల్ల ఇప్పుడు పెద్దగైంది. నీళ్లు నీకు శత్రువు కాదు. ఎప్పుడు పొయ్యాలెనో తెలిసినంక నీకన్న మంచిగ ఎవరు పోస్తరు? నాకు పిల్లను పిక్కల మీద పండవెట్టుడు ఇప్పటికీ రాదు, జారిపోతదని భయం. సూపియ్యి."

అది బతిమాలడం కోసం అన్న మాట కాదు, నిజమే. ఆమె నన్ను అనుమానంగా చూసి, కొంచెం నవ్వింది. కొడుకు మగ్గం ఆపి వచ్చి అటక మీది నుంచి పీట దించాడు.

గాలి రాకుండా మూలకు జరిగాము. గోరువెచ్చని నీళ్లను మోచేతితో చూశాను. అవ్వ కాళ్లు చాపింది. పిల్లను అందుకుని పిక్కలమీద బోర్లా వేసుకుంది. మొదట పిల్లను రెండు చేతులతో అదిమి పట్టుకునే ఉండిపోయింది. కోడలు పక్కన కూర్చుని చెంబు పట్టుకుంది. నూనె చేయి వీపుమీద పడగానే, ఆ చేతులకు తమ పని గుర్తొచ్చింది. ముఖానికి చేయి అడ్డం పెట్టింది, పిల్ల ఒక్కసారి గొంతు చించుకుని ఏడ్చింది. పిల్లికూన ఏడుపు కాదు, వాడకట్టంతా వినేలాంటి ఏడుపు. వెనకింటి నిండు చూలాలు గోడ మీదుగా తొంగి చూసి నవ్వింది. చాలా త్వరగా ముగించింది అవ్వ. తుడిచింది. పొగ లేదు, సాంబ్రాణి లేదు. తలకు టోపీ పెట్టి, రవిక గుండీలు తీసి, పిల్లను ఎదమీద పెట్టుకుని ఆ పాత చీరే చుట్టుకుంది. ఈసారి గోడవైపు తిరగలేదు.

కాసేపాగి, చీర కింద చేయి పెట్టి, చేతి వెనకవైపుతో పాదాలు చూసింది. ముఖంలో భయం అట్లాగే ఉంది.

"నువ్వు సూడు సిస్టరమ్మా. నా చెయ్యి నేను నమ్ముతలేను."

నేను చూడలేదు. కోడలి చేయి పట్టుకుని ఆ చీర కిందికి పంపాను. ఆ అమ్మాయి పాదాలు తడిమింది. అక్కడే ఉన్న అత్త చేతిని కూడా పట్టుకుంది, వదలలేదు.

"ఎచ్చగున్నయ్ అత్తమ్మా," అంది. "రేపు గూడ నువ్వే పొయ్యాలె."