మూడోసారి లెక్క

ఆసుపత్రి కింది అంతస్తులోని ల్యాబులో అందరూ ఆమెను లెక్కలక్కయ్య అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఒకటే పని. రోగి రక్తంలోంచి తీసిన మూలకణాల్లో ఎన్ని బతికున్నాయో గడ్డకట్టించక ముందు ఒకసారి, కరిగించాక మరోసారి లెక్కపెట్టడం. నీలం రంగు కలిపితే చచ్చిన కణం దాన్ని పీల్చుకుంటుంది, బతికున్నది పీల్చుకోదు. "కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతావు, కంటికి ఆననివాటిని మాత్రం లెక్కపెడతావు" అని మొగుడు ఆటపట్టించేవాడు. ఆవిడ చెయ్యి తప్పదని డాక్టర్లకు గురి. ఆ గురే కొంప ముంచింది.

క్యాన్సర్ వచ్చిన ఒక అమ్మాయికి పెద్ద మందు ఎక్కించాలి. అది జబ్బుతో పాటు రక్తం పుట్టే మూలుగను కూడా తుడిచిపెట్టేస్తుంది. మళ్ళీ రక్తం పుట్టాలంటే ముందే తీసి గడ్డకట్టించిన ఆ అమ్మాయి కణాలే దిక్కు. రెండు రోజులు కష్టపడి తీస్తే వచ్చింది ఒక్క సంచి. అందుకే మందుకు ముందు, సంచితో పాటు గడ్డకట్టించిన చిన్న సీసాను కరిగించి చూస్తారు. నూటికి డెబ్బై బతికుంటేనే మందు.

గడ్డకట్టించక ముందు తొంభై అయిదు ఉన్నాయి. సీసాలో నలభై ఎనిమిదే కనిపించాయి.

కానీ ఆ ల్యాబులో తరతరాలుగా ఒక మాట ఉంది: చిన్న సీసా అబద్ధాలకోరు, సంచి ఎప్పుడూ అంతకన్నా నయంగానే ఉంటుంది. చాలాసార్లు అది నిజమే అయింది కూడా. లెక్కలక్కయ్య మళ్ళీ లెక్కపెట్టింది. యాభై మూడు. ఈలోగా పైనుంచి డాక్టరు ఫోను.

"అంకె చెప్తే మందు మొదలుపెడతాం అక్కయ్యా. అమ్మాయిని రెడీ చేసేశాం."

మూడోసారి, లేతనీలంగా ఉన్నవాటిని కూడా బతికున్నవాటిలో వేసింది. డెబ్బై ఒకటి. అదే రాసింది. మొదటి రెండూ ఎక్కడా రాయలేదు. కాగితం పట్టుకుని బయటికొస్తే గుమ్మం దగ్గర అమ్మాయి తల్లి నిలబడి ఉంది.

"మా అమ్మాయివి బాగున్నాయామ్మా?"

"బాగున్నాయండి."

మందు ఎక్కించిన మూడో రోజు సంచి కరిగించారు. నలభై నాలుగు. వెనక్కి వెళ్ళే దారి లేదు కాబట్టి ఉన్నవే ఎక్కించారు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆ అమ్మాయి రక్తం ల్యాబుకు వచ్చేది. పన్నెండో రోజుకల్లా కనబడాల్సిన తెల్లకణాలు లేవు. పదహారో రోజూ లేవు. లెక్కలక్కయ్యకు అన్నం సయించడం మానేసింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు గాని, ఇది పోయేది కాదని ఆమెకు తెలుసు. ఇరవయ్యో రోజు మెట్ల పక్కన బెంచీ మీద తల్లి ఒంటరిగా కనబడితే, పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మొదటిసారి ఎన్నొచ్చాయి?" అంది ఆవిడ.

"నలభై ఎనిమిది."

"అదే రాసుంటే?"

"మందు ఆపేవాళ్ళు. మళ్ళీ తీసేవాళ్ళు."

తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"ఇది మా అమ్మాయికి మాత్రం చెప్పకు. లోపల అవి మొలుస్తున్నట్టు తెలుస్తోందమ్మా అంటోంది."