రామతీర్థం మీదుగా సంగీత కళాశాలకి

మా ఇంటి పెళ్ళిళ్ళలో నలుగురు చేరితే చాలు, నేను మా మేనత్తకి విజయనగరం చూపించిన కథ బయటికి వస్తుంది. చెప్పేవాళ్ళు మారినకొద్దీ అందులో నా తెలివి తగ్గుతూ, మేం నడిచిన దూరం పెరుగుతూ వస్తోంది. (కిందటిసారి మమ్మల్ని భీమిలి దాకా నడిపించారు.) అందుకని ఉన్నది ఉన్నట్టు నేనే రాసి ఉంచడం మంచిదనిపించింది.

ఆ రోజుల్లో, అంటే అరవయ్యో దశకం చివర్లో, గజపతినగరంలో నాకంటే చదివినవాడు లేడని నా నమ్మకం. బడి చదువు మధ్యలో ఆగినా, గ్రంథాలయంలో కళ్ళజోడు లైబ్రేరియన్ గారి దయవల్ల చరిత్ర బీరువా మొత్తం నమిలేశాను. విజయనగరం కోట గురించి గంటసేపు చెప్పగలను. ఆ కోటకి దారి మాత్రం ఎవరినైనా అడగాలి. అటువంటి సమయంలో సాలూరు నుంచి మేనత్త కబురు పెట్టింది. అంతకు ముందు ఏడే మావయ్య పోయాడు. కుర్రతనంలో ఆయన విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్చుకున్నాడు. ఆ చోటు ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక. మోకాళ్ళ నొప్పులు, మళ్ళీ ఇంత దూరం రాలేనంది. ఆవిడ కొడుకు, మా లారీ బావ, సరుకు దింపడానికి వెళ్తూ మమ్మల్ని ఎక్కించుకుంటానన్నాడు. చూపించే భారం నాది. అదొక్కటే చూపిస్తే నా చదువేం కాను? ఊరంతా చూపించాలనుకున్నాను, అదీ చరిత్ర వరుసలో. ఏది ముందు పుట్టిందో అది ముందు. మొదట రామతీర్థం కొండమీది బౌద్ధుల శిథిలాలు, తరవాత కోట, పైడితల్లి గుడి, గంటస్తంభం, వయసులో అన్నిటికంటే చిన్నది కనక ఆఖరున సంగీత కళాశాల.

పొద్దున్నే బావ లారీ ఆపింది సరిగ్గా ఆ కళాశాల దగ్గరే. లోపల్నుంచి ఫిడేళ్ళు వినిపిస్తున్నాయి. "ఒరే, ఇదే కదేటి?" అంది అత్త, దిగుతూనే.

"ఇదే గాని అత్తా, దీనికింకా టైము రాలేదు. మనం ముందు రెండువేల ఏళ్ళు వెనక్కెల్లాలి."

అత్త కొడుకు వైపు చూసింది. బావ బీడీ ముట్టించి, "ఎల్లిరా అమ్మా, సదూకున్నోడు సెప్తన్నాడు గదా. సందేల మూడు లాంతర్ల కూడలి కాడుండండి. తిరుగు లోడైపోతే నాను ఆగను" అని లారీ కదిలించాడు.

బస్సెక్కి రామతీర్థం వెళ్ళాం. సగం కొండ ఎక్కాక అత్త ఒక రాతిమీద కూలబడి, "ఈ ఇటికలు మీ మావ ఎప్పుడైనా సూసాడేటి?" అంది. లేదన్నాను. "మరి నాకేల?" అంది. (ఆ ఇటుకల వయసు చెప్పాను.) మధ్యాహ్నపు ఎండలో కోట చుట్టూ తిప్పాను. గుడిలో మాత్రం ఆవిడే నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. గంటస్తంభం కింద నేను ఉపన్యాసం అందుకోగానే, "ఊసులు సాలు గాని, ఆ గడియారం ఎంతయిందో సూడు" అంది. చూశాను. సాయంత్రం అయిదు దాటిపోయింది.

పరుగులాంటి నడకతో కళాశాలకి చేరేసరికి గేటు మూస్తున్నారు. "అయ్యోర్లంతా ఎల్లిపోనారమ్మా, రేపు రండి" అన్నాడు కాపలా తాత. అత్త గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయింది. ఆ చెయ్యి చూసో ఏమో, తాత ఆవిడని వసారా మెట్టుమీద కూర్చోనిచ్చాడు. లోపల గదిలో ఎవరో ఒంటరిగా ఫిడేలు వాయిస్తున్నారు. ఒకే ముక్క, ఒక చోటికి వచ్చేసరికి జారిపోవడం, మళ్ళీ మొదటికి రావడం.

"పాటం రానోల్లు ఇలాగే ఉండిపోతారమ్మా" అన్నాడు తాత, మన్నించమన్నట్టు.

అత్త నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. "మీ మావా అక్కడే జారిపోయీవోడురా. పెల్లైన కాణ్ణించి పోయేదాకా ఇదే ముక్క ఇన్నాను. పొద్దున్నే లోపలికెల్లుంటే బాగా వాయించీవోల్లే దొరుకుదురు."

దూరాన లారీ హారను మోగింది, ఆగకుండా. ఆగనన్న బావ ఆగాడు. అత్త మాత్రం ఆ ముక్క ఇంకోసారి జారేదాకా లేవలేదు. దారిలో, "నీ లెక్క మంచిదేరా" అంది. నిజానికి అది లెక్క కాదు. అయినా గజపతినగరం దాకా ఆ మెప్పు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా దగ్గరున్నదే ముందు చూస్తాను. (లోపలి పాత పండితుడు ఇంకా ఒప్పుకోడు.) బీరువా తాళం నా చేతికే ఇచ్చేసిన కళ్ళజోడు లైబ్రేరియన్ గారికి, ఆగిన లారీ బావకి, గేటు తీసిన కాపలా తాతకి, రెండువేల ఏళ్ళు నా వెంట నడిచిన సాలూరత్తకి నా దండాలు. ఆ గదిలోని మనిషి మొహం మేం చూడలేదు. ఆ చోటు దాటాడో లేదో తెలియదు. దాటకపోయినా, ఆయనకి రెండు దండాలు.