బదనిక కాదండీ

పుణ్యవతికి పిరికితనం పుట్టుకతో వచ్చింది. కాకినాడ నుంచి బదిలీ మీద హైదరాబాదు వచ్చిన ఈ ట్రెజరీ ఉద్యోగిని, సంతకం పెట్టేముందు పదిసార్లు చదువుకుంటుంది. లిఫ్టులో కొత్త మొహం కనిపిస్తే మెట్లెక్కుతుంది. అలాంటి మనిషి ఒక్క సాహసం చేసింది. కొండాపూర్‌లో తానుండే అపార్ట్‌మెంటు మామిడిచెట్టుకు, ఎవరినీ అడగకుండా, కొబ్బరితాడుతో ఒక ఆర్కిడ్ మొక్క కట్టేసింది.

మట్టి అక్కర్లేని మొక్క అది. తెల్లటి వేళ్లతో బెరడును కరుచుకుని, వాననీళ్లూ గాలిలో తేమా తాగి బతుకుతుంది. రోజూ నీళ్లు చిలకరిస్తూ, "ఏమ్మా, లేచావా?" అని పలకరించేది. ఏళ్ల తరవాత ఈ వేసవిలో మొగ్గల కాడ తొంగిచూసింది. ఆమె సంబరానికి పట్టపగ్గాల్లేవు.

అదే వేసవిలో మామిడి ఎండుముఖం పట్టింది. అసోసియేషన్ పెద్ద లింగమూర్తి చెట్టుకింద నిలబడి తలెత్తి చూశాడు.

"ఏంది మేడం, బదనిక గిట్ల పట్టింది? చెట్టు రసమంత గుంజుతున్నది. ఆదివారం కత్తితోని కొట్టిపిస్త."

"బదనిక కాదండీ, ఆర్కిడ్ అండీ. చెట్టును పట్టుకుంటుందే గానీ ఏమీ తాగదండీ."

"మరి చెట్టెందుకు ఎండుతున్నది?"

పుణ్యవతికి అనుమానం పట్టుకుంది. చిన్నప్పుడు పెరట్లో జామచెట్టు బదనిక పట్టి నిలువునా ఎండిపోవడం కళ్లారా చూసింది. ఆర్కిడ్ల గురించి తాను చదివిందే తప్పయితే? చెట్టు చస్తే అందరూ తననే వేలెత్తి చూపిస్తారు. కత్తి పడితే మొక్క ముక్కలే. తానే తీస్తే దక్కుతుందేమో అనుకుంది.

ఆదివారం పొద్దున్నే స్టూలెక్కింది. మొక్క వేళ్లు తడిపి గోటితో మెల్లగా లేపబోయింది. అవి బెరడును వదల్లేదు. పటుక్కుపటుక్కున తెగాయి. వాటితోపాటు మొగ్గల కాడ కూడా విరిగింది.

వేళ్ల కింద బెరడు చెక్కుచెదరలేదు. దిగుతూ చెట్టు మొదలు చూసింది. పార్కింగు కోసం వేసవి మొదట్లో పోసిన సిమెంటు, నీటిచుక్క దిగే సందు లేకుండా మానును బిగించేసింది. దాన్ని దగ్గరుండి పోయించింది లింగమూర్తే.

ఆయన కత్తి పట్టిన మనిషితో రానే వచ్చాడు.

"మంచి పని చేసిన్రు మేడం. ఇగ చెట్టుకేం ఫికర్ లేదు."

సిమెంటన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి దాన్ని మింగేసింది.

"అవునండీ" అంది పుణ్యవతి, మొగ్గలను కొంగు చాటున దాచుకుంటూ.