మీ కుక్కలతోనే సరిపోతోంది

వీధిలో అందరూ ఆమెను కుక్కలమ్మ అనేవారు. వెక్కిరింతగా మొదలైన పేరది, తరువాత బోర్డు మీద కూడా అదే రాయించుకుంది. పశువుల డాక్టరు దగ్గర ఇరవై ఏళ్లు కుక్కల కాళ్లు కదలకుండా పట్టుకున్న మనిషి. ఆయన ఆస్పత్రి మూసేశాక, ప్రయాణాలు పోయేవాళ్లు వదిలి వెళ్లే కుక్కలను చూసుకోవడం మొదలుపెట్టింది. గోళ్లు తీయడం, స్నానాలు, మందులు, పదకొండు గిన్నెల్లో తిండి. మనుషులతో మాత్రం రెండు ముక్కలు మాట్లాడితే మూడోదానికి తడబడేది. "నోరున్న జాతి నాకు పడదన్నా" అంది ఒకసారి నాతో. మొరగడం నోరు కిందికి రాదేమో మరి.

ఆ మొరుగుళ్ల వల్లే అప్పటికి రెండు చోట్ల ఖాళీ చేయించారు. ఈ మూడో చోట యజమాని ముందే చెప్పాడు, పక్కింటి నుంచి ఒక్క మాట వచ్చినా తాళం వేసుకోవాల్సిందేనని. పక్కిల్లంటే మధ్యలో ఉన్నది ఒకే గోడ. అటువైపు, ఆ గోడకు ఆనుకున్న మంచం మీద కండక్టర్ తాత. బస్సుల్లో ముప్పై ఏళ్లు అరిచిన గొంతును పక్షవాతం ఒక్క పూటలో తీసుకుపోయింది, కుడి చేతితో సహా. మిగిలిన ఎడమ చేత్తో ఆయన గోడ మీద కొట్టేవారు. కుక్కలు మొరగగానే దబ్ దబ్‌మని రెండు దెబ్బలు. అవి ఇంకా రెచ్చిపోయేవి. మళ్లీ రెండు. ప్రతిసారీ ఈమె యజమాని వస్తున్నాడేమోనని వీధిలోకి తొంగిచూసేది.

ఒకరోజు తాత కోడలు గుమ్మం ముందు ఎదురై పలకరించింది. "రోజంతా మా మామయ్యకి మీ కుక్కలతోనే సరిపోతోందండీ."

ఆ మాటను మనం ఎప్పుడూ విసుక్కుంటూనే అంటాం. పిల్లలతోనే సరిపోతోంది, వంటతోనే సరిపోతోంది. కుక్కలమ్మకు ఇంకో అర్థం తోచలేదు. ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చింది. నేను వడ్రంగిని.

"అన్నా, ఆ గోడకి చెవులు లేకుండా చెయ్యాలి."

పని విషయంలో నాకు కొంచెం పొగరు. గోడకు అంటకుండా వేలెడు ఎడం వదిలి చెక్క చట్రం నిలబెట్టాను, కింద రబ్బరు పట్టీ వేసి. లోపల దట్టమైన ఉన్ని పలకలు కూరి, పైన జిప్సం బోర్డు రెండు వరుసలు, అతుకు మీద అతుకు పడకుండా. కుక్కలు కొరక్కుండా నడుం ఎత్తు దాకా రేకు. స్విచ్చు పెట్టె వెనక చిటికెన వేలు పట్టేంత కన్నం ఉంటే దాన్నీ పూడ్చాను. ఐదు రోజుల పని. నేను మేకు కొట్టినప్పుడల్లా ఆమె గోడకేసి "ఏమనుకోకండి" అనేది, అవతలి వాళ్లకు వినపడేటట్టు.

ఆరో రోజు పదకొండూ ఒక్కసారి అందుకున్నాయి. అటునుంచి దెబ్బ వినపడలేదు. "కొట్టట్లేదన్నా!" అని నవ్వింది. ఆ మనిషి నవ్వితే చూడటం నాకు అదే మొదలు.

రెండు నెలల తరువాత, నేను కుక్కలమ్మ ఇంటి తలుపుకు గడియ బిగిస్తుండగా తాత కోడలే వచ్చింది.

"కుక్కల్ని తగ్గించేశారా అండీ? మామయ్య గదిలోకి అరుపులే రావట్లేదు."

"లేదండీ, మీకు గోల వినపడకుండా గోడ కట్టించాను" అంది కుక్కలమ్మ సంబరంగా.

కోడలు ఆ గోడకేసి చూసింది. "గోల అని ఎవరన్నారు? అవి అరిస్తే మామయ్యకి బస్సు నిండినట్టు. రెండు కొడితే రైట్ రైట్ అని, పోనివ్వమని. మంచం మీది నుంచే రోజంతా బండి నడిపేవారు. అరుపులు ఆగిపోయినా నెల్లాళ్లు కొడుతూనే ఉన్నారు, వేళ్ల కణుపులు పగిలేదాకా. ఇప్పుడు ముద్ద మింగట్లేదు."

"మరి మీరే అన్నారుగా... సరిపోతోందని."

"సరిపోతోందనే అన్నానండీ. ఆయనకి ఇంకేం అక్కర్లేదని."

కుక్కలమ్మ నా సంచిలోంచి సుత్తి లాక్కుంది. ఐదు రోజుల పనిని ఇద్దరం గంటన్నరలో పీకేశాం. నా చేతిపనిని అంత ఆత్రంగా నేనే పాడుచేస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ఆ హడావిడికి కుక్కలు గుక్క తిప్పుకోకుండా మొరిగాయి. ఆమె గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడింది. ఏమీ లేదు.

అటింటికి పరుగెత్తాం. తాత కళ్లు గోడ వైపే ఉన్నాయి. ఎడమ చెయ్యి దుప్పటి మీద బెత్తెడు లేచి పడిపోయింది. మళ్లీ లేచింది, గోడ దాకా చేరలేదు.

ఆమె మంచం పక్కన కూలబడింది. "తిడుతున్నారనుకున్నాను తాతగారూ. మీరు కొడుతుంటే భయపడి చచ్చేదాన్ని. నాకు తెలీదు." ఒక మనిషితో ఆమె అన్ని మాటలు అనడం నేనెప్పుడూ వినలేదు. ఆయన ఆమె వైపు చూడలేదు. అవతల కుక్కలు అరుస్తున్నాయి, బస్సు కదలమని చెప్పాలి, చెయ్యి అందడం లేదు. నాకు ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయన పోయారు. ఆ తొమ్మిది రోజులూ ఆమె ఒక్క కుక్కనూ ఊరుకోబెట్టలేదు. ఎదురింటివాళ్లు యజమానికి చెప్పారు, ఖాళీ చేయమన్నాడు. ఈసారి ఆమె బతిమాలలేదు.

సామాను ఎక్కించడానికి నేను సాయం వెళ్లాను. పక్కింటి గుమ్మం వైపు చూస్తూ, "పది అడుగులు కూడా లేదన్నా" అంది. "వెళ్లి ఒక్కసారి అడిగి ఉంటే."

ఆ గోడ కొలతలన్నీ తీసుకున్నవాణ్ని. నేనూ వెళ్లి అడగలేదు.