ఎనిమిదికీ ఐదుకీ మధ్య

ఊళ్ళో సొంతంగా ఇంటర్నెట్ ఇచ్చే డెల్మర్ ఫ్రిట్జ్‌కి ఉన్నవన్నీ సొంతమే, తీగలు తప్ప. అవి టెలిఫోన్ కంపెనీవి. పాడైతే ముట్టుకోవాల్సింది వాళ్ళ లైన్‌మనే. అతను ఎప్పుడూ 'ఎనిమిదికీ ఐదుకీ మధ్య' వస్తాడు, అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎప్పుడైనా. తిట్లు మాత్రం డెల్మర్‌కి. అందుకని లైన్‌మన్ వచ్చేదాకా ఖాతాదారుల వంటింట్లో తనే కూర్చుని కాపలా కాస్తాడు. పదేళ్ళుగా వాళ్ళు పెట్టింది కాదనలేక తిని, బెల్టుకు చివరిదాకా చిల్లులు పొడుచుకున్నాడు. మొన్న ముసలి టాట్లాక్ గారింట్లో నాలుగో బటర్ టార్టు నోట్లో ఉండగా, ఐదుకి పది నిమిషాల ముందు వేన్ అనే ఆ లైన్‌మన్ ఊడిపడ్డాడు. రెండు నిమిషాల్లో తీగ బిగించి, వెళ్ళిపోకుండా టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"ఎవరితోనూ అనకు డెల్మర్. టెలిఫోన్ కంపెనీవాణ్ణయినా మా ఇంట్లో ఉన్నదీ నీ ఇంటర్నెట్టే. ఆదివారం నుంచి రావట్లేదు. మా ఆవిడ నన్ను బతకనివ్వట్లేదు."

"నువ్వే బాగుచేసుకోవచ్చుగా?"

"కంపెనీ ఆర్డరు లేకుండా మా ఇంటి ముందు స్తంభం నేనెక్కినా ఉద్యోగం ఊడుతుంది."

డెల్మర్ మూతి తుడుచుకుని ఫిర్యాదు రాసుకున్నాడు. "గురువారం, ఎనిమిదికీ ఐదుకీ మధ్య మీవాళ్ళొస్తారు. సెలవు పెట్టి ఇంట్లో ఉండు."

"ఈ ఊరికి లైన్‌మన్‌ని నేనొక్కణ్ణే కదయ్యా! నేను సెలవు పెడితే వచ్చేదెవరు?"

"అయితే ఇద్దరం కలిసే ఎదురుచూద్దాం. ఇంతకీ మీ ఆవిడ ఏం బాగా వండుతుంది?"