కోపం కనిపించని మామయ్య

మామయ్యకు ఎవరి ముఖంలోనూ కోపం కనిపించదు. అత్తయ్య గరిటె విసిరికొడితే, "పాపం, ఆకలి మీదుంది" అంటాడు. పక్కింటాయన గోడ మీదుగా తిట్లు లంకించుకుంటే, "రాత్రి నిద్ర చాలినట్టు లేదు" అంటాడు. ఆ మాట విన్నాక పక్కింటాయనకు నిజంగానే నిద్ర పట్టదు.

ఇలాంటి మనిషిని తెచ్చి ముఖాలు చదివే పనిలో పెట్టింది మేనకోడలు. తప్పు ఆమెదే.

ఆమె తయారుచేస్తున్న యంత్రం ఆసుపత్రిలో విచారణ కౌంటరు దగ్గర ఉంటుంది. ఎదుటి మనిషి ముఖం చూసి, దానికి తగ్గట్టు మాట్లాడుతుంది. కోపం కనిపిస్తే గంట మోగించి కాపలావాణ్ణి పిలుస్తుంది. అది నేర్చుకోవాలంటే వేల ఫొటోలు కావాలి. ప్రతి ఫొటో కింద ఆ ముఖంలో ఉన్నదేమిటో ఎవరో ఒకరు రాయాలి. రిటైరై ఇంట్లో అత్తయ్య ప్రాణం తోడేస్తున్న మామయ్య ఖాళీగా దొరికాడు.

"సరిగ్గా చూసి రాస్తున్నావా మామయ్యా?"

"చూడకుండా ఎలా రాస్తానే!"

పరీక్ష రోజు వచ్చింది. యంత్రం పనిచేస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఊడుతుంది. ఆసుపత్రి సూపరింటెండెంటు చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. చూద్దామని మామయ్య కూడా వచ్చాడు.

ఒకాయన వచ్చి కౌంటరు మీద దబదబా బాదాడు.

"మా అమ్మను లోపలికి తీసుకెళ్లి ఎంతసేపైంది! చెప్పే దిక్కే లేదా?"

కాపలావాడు లాఠీ సర్దుకున్నాడు. యంత్రం ఆయన ముఖం చూసింది.

"మీరు బాగా అలసిపోయారు. కూర్చోండి. నర్సును పిలుస్తున్నాను."

ఆయన ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత బెంచీ మీద కూలబడ్డాడు.

మేనకోడలు మామయ్యను మూలకు లాక్కెళ్లింది.

"కోపం ఫొటోలకి ఏం రాశావు?"

"అలసట. కొన్నిటికి భయం."

"నీకు కోపం ఆనవాలు తెలీదా?"

"మీ అత్తయ్యతో ఇన్నేళ్లు కాపురం చేశానే, తెలీకేం? కోపం కనిపిస్తే నీ యంత్రం లాఠీవాణ్ణి పిలుస్తుందన్నావు. తల్లి లోపల పడుంటే కొడుకు మీదికి లాఠీయా? కోపం అని రాయడానికి నాకు చేతులు రాలేదు."

"మరి నా ఉద్యోగం?"

మామయ్య తల గోక్కున్నాడు. "అది తోచలేదే."

సూపరింటెండెంటు వచ్చింది. "గంట మోగలేదేం?"

"పొరపాటు జరిగింది మేడమ్. సరిచేస్తాను."

ఆవిడ బెంచీ వైపు చూసింది. నర్సు ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా ఏదో చెబుతోంది. కాపలావాడు ఆవులిస్తున్నాడు.

"సరిచేస్తే మాకొద్దు. ఇలాగే ఉంచండి."

ఆవిడ వెళ్లాక మేనకోడలు మామయ్యను ఉరిమి చూసింది. మామయ్య ఆ ముఖాన్ని శ్రద్ధగా పరిశీలించాడు.

"దాహమేస్తోందా అమ్మా?"

"ఇది కోపం, మామయ్యా!"

"సరే, కోపమే. క్యాంటీన్ ఎటు?"