గీత తర్వాతి రెండు అంకెలు

1988 జూన్‌లో నన్ను నంద్యాల సర్వీస్ సెంటర్‌కు జూనియర్ ఇంజనీరుగా వేశారు. కంప్యూటర్లు తక్కువ, మా పరిధి మాత్రం పెద్దది. ఆత్మకూరు నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ యంత్రం ఆగినా బస్సెక్కాల్సింది నేనే. ఎక్కే ముందు సంచిలో ఏమేం ఉన్నాయో పట్టిక రాసుకోవడం నా అలవాటు.

ఆగస్టులో ఆళ్లగడ్డలోని ఒక చర్చి బడి నుంచి కబురు వచ్చింది. వాళ్లకు ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్‌లో మెమరీ రెండువందల యాభై ఆరు కిలోబైట్లు. తెలుగు అచ్చువేసే ప్రోగ్రాంకు దానికి రెట్టింపు కావాలి. అడిగింది తెలుగు టీచరు సుగుణ. ఆమె తండ్రి జ్ఞానయ్య గారు రిటైరైన బడిపంతులు. సేద్యగాళ్ల మాటలను ఏళ్ల తరబడి నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చారు. సోమవారం ఆయనకు కంటి ఆపరేషన్. చూపు నిలుస్తుందని డాక్టర్లు మాట ఇవ్వలేదు. ఆలోగా ఒక్క పేజీ అయినా ఆయన అచ్చులో చదవాలని సుగుణ పట్టుదల. నేను వెళ్లింది శనివారం.

మెమరీ చిప్పులు తొమ్మిది కలిస్తే ఒక వరుస. ఎనిమిది సమాచారం దాస్తాయి, తొమ్మిదోది తప్పు జరిగితే పట్టిస్తుంది. కొత్తవి సులువుగా దొరకని రోజులు. పాడైన యంత్రాల నుంచి ఊడదీసినవాటిని మా ఆఫీసులో ఒక బిస్కెట్ డబ్బాలో వేసేవాళ్లం. పైన అచ్చయిన పెద్ద నంబరు చూసి ఏరుకోవడమే పద్ధతి. తొమ్మిది ఏరి, పట్టికలో టిక్కు పెట్టి బస్సెక్కాను.

బిగించి స్విచ్ వేస్తే లెక్క సరిగ్గానే చూపింది: అయిదువందల పన్నెండు. ప్రోగ్రాం తెరవగానే మాత్రం మెమరీలో తప్పుందని చెప్పి స్క్రీన్ బిగుసుకుపోయింది. నాలుగుసార్లు ఊడదీసి మళ్లీ బిగించినా అంతే.

"ఏంది సార్, పొద్దున్నుంచి ఊడదీస్తాండావ్, పెడ్తాండావ్! పాఠం రాని పిల్లోని మాదిరి," అంది సుగుణ. నవ్వుతూనే అంది గానీ, చూపు గడియారం మీద ఉంది.

పొద్దున్నుంచీ పక్కనే కూర్చుని ఉన్న జ్ఞానయ్య గారి భూతద్దం అడిగి తీసుకుని చిప్పులు చూశాను. పెద్ద నంబరు తర్వాత చిన్న గీత, దాని తర్వాత రెండు అంకెలు. యంత్రంలో ముందునుంచీ ఉన్నవాటి మీద 15, నేను తెచ్చినవాటి మీద 20. అవి వేగాన్ని చెప్పే అంకెలు, అంకె పెద్దదైతే చిప్ నిదానం. నా పట్టికలో గీత దాకానే ఉంది.

"ఏమైందప్పా?" అన్నారాయన.

నేను తెచ్చినవి నిదానమని, పాతవాటితో సమంగా పోలేవని, సరైనవి హైదరాబాద్ నుంచి రావాలని చెప్పాను.

"ఓస్, ఇంతేనా! నిదానం ఎద్దును కాడికి కడ్తే రెండోదాన్ని గూడా నిదానంగా తోలల్ల. దీన్ని తోలేది యాడుందో సూడు."

ఉంది. యంత్రం ముందువైపు టర్బో అనే మీట ఉండేది. అది నొక్కి ఉంటే వేగం రెట్టింపు. దాన్ని ఎవరూ ఎప్పుడూ ఆపేవారు కాదు, నాకూ తట్టలేదు. ఆపాను. ప్రోగ్రాం తెరుచుకుంది.

నోటుబుక్కు నేను చదువుతుంటే సుగుణ టైపు చేసింది. మేడి, గుంటక, జడ్డిగం.

"జడ్డిగం అంటే తెలుసా సార్?"

తెలియదన్నాను.

"గొర్రు మీద ఇత్తనాలు పోసే గిన్నె. మీ కంప్యూటర్ సదువులో చెప్పరులే."

అక్షరం వెనక అక్షరం ఆలస్యంగా వచ్చేది. ఆ మధ్య ఖాళీల్లో మేమిద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. అంత నిదానంగా నడిచే యంత్రం ముందు మళ్లీ కూర్చోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది. సాయంత్రానికి పేజీ వచ్చింది. జ్ఞానయ్య గారు భూతద్దం పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివి, "ఈడ సున్న ఎగిరిపోయిందమ్మీ," అన్నారు. కాగితం మాత్రం చేతిలోంచి కింద పెట్టలేదు.

బస్సు దాకా సుగుణ వచ్చింది. "మళ్లా ఎప్పుడొస్తావ్?" అంది. ఈసారి సార్ అనలేదు.

"చిప్పులు రాగానే," అన్నాను.

చిప్పులు అక్టోబరులో వచ్చాయి. నేను వెళ్లేసరికి ఆమెకు బదిలీ అయింది. తండ్రిని వెంట తీసుకెళ్లిందని, ఆయనకు ఒక కంటిచూపు నిలిచిందని హెడ్మాస్టరు చెప్పారు. చిప్పులు మార్చి టర్బో నొక్కాను. యంత్రం చక్కగా పరుగెత్తింది.

తర్వాత మా డబ్బాలో వేగం ప్రకారం అరలు చేయించాను, పట్టికలో వేగానికి ఒక గడి చేర్చాను. ఉద్యోగం ముగిసేదాకా ఆ తప్పు మళ్లీ జరగలేదు. నంబరును చివరి అంకె దాకా చదవాలి. ఎదుటివాళ్లు అడిగిన ప్రశ్ననూ అంతే. ఆ సాయంత్రం బస్సు దగ్గర సుగుణ అడిగినదాన్ని కూడా నేను గీత దాకానే చదివాను.